సీసా కడగనిదెవరు?

ప్రియమైన శ్రీవారికి,

ఊరంతటికీ నీళ్లు ఆపేశానండీ. పొద్దున ల్యాబు పరీక్షలో మంచినీళ్లలో మురుగు కలిసినట్టు వచ్చింది. పెద్ద ఇంజనీరుని నేనే కదా, వెంటనే పంపులు కట్టేయించాను. జనం బకెట్లతో గేటు మీద పడ్డారు. ఆసుపత్రిలో ఆపరేషన్లు ఆగిపోయాయి. తీరా చూస్తే నీళ్లు నిక్షేపంగా ఉన్నాయి! పరీక్షకని మురుగునీళ్లు పట్టిన సీసానే కడగకుండా మంచినీళ్లకీ వాడిందట ల్యాబు ఆవిడ. ముగ్గురు పిల్లల తల్లి. తనే వచ్చి చెప్పి, గోడకి ఆనుకుని ఏడ్చింది.

ఎల్లుండి బోర్డు ముందు పేరు చెప్పమంటున్నారు. చెబితే ఆమె ఉద్యోగం పోతుంది, చెప్పకపోతే నాది. ఏం చేయమంటారు?

మీ ఇల్లాలు


ఏమోయ్,

మతి పోయిందా? ఇందులో అడగడానికేముంది, పేరు చెప్పేయ్! క్వార్టర్స్ ఖాళీ చేయమంటే పిల్లని వెంటేసుకుని ఎక్కడికెళతావ్? నా క్రేన్ల షెడ్డులో తప్పు చేసినవాణ్ణి అందరి ముందూ నిలబెట్టి కడిగేస్తాను. ఏళ్ల తరబడి ఒక్క తప్పు కూడా నా దాకా రాలేదు. జాలి పడ్డావో, నెత్తికెక్కుతారు.

ఉంటా మరి,
నీ మొగుడు


ఏమండీ,

తిట్టండి, పడతాను. పేరు చెప్పలేదు. "మురుక్కి వేరే సీసాలు కావాలని ల్యాబువాళ్లు ఎప్పుడో అడిగారు. తర్వాత చూద్దాంలే అన్నది నేను. బాధ్యత నాదే," అన్నాను. కుర్చీ పోయింది. ఇప్పుడు పంపుహౌసులో మామూలు షిఫ్టు. రెండు గదుల ఇంటికి మారాం. బడి దూరమైందని మీ కూతురు నాతో మాట్లాడటం మానేసింది.

ఓ చిత్రం చెప్పనా? నిన్న ఫిట్టరు తనంతట తానే వచ్చి, "పెద్ద వాల్వు సరిగ్గా బిగించానో లేదో మేడమ్, ఓసారి చూస్తారా" అన్నాడు. చూద్దును కదా, సగమే బిగిసి ఉంది! నేనిప్పుడు వాళ్లకి పై అధికారిని కూడా కాదు.

మీ దగ్గర్నుంచి ఉత్తరం ముక్క లేదు. అంత కోపమా?

మీ నేను


ప్రియమైన నీకు,

కోపం కాదే. ఆసుపత్రికీ షెడ్డుకీ తిరుగుతూ రాయలేకపోయాను. క్రేను ఇనుప తాడు తెగి దూలం పడింది. మావాళ్లలో ఒకడి కాలు నుజ్జయింది. ప్రాణానికి ఫరవాలేదంటున్నారు.

ముందురోజే ఆ తాడు గోడకి రాసుకుని దెబ్బతిందట. క్రేను నడిపేవాడికి తెలుసు. "మరి చెప్పలేదేంరా?" అని అరిచాను. "మీరు తిడతారని సార్," అన్నాడు.

విచారణకొచ్చినవాళ్లు పక్క గదిలో ఉన్నారు. ఇంకాసేపట్లో నన్ను పిలుస్తారు. ఆ క్రేనువాడు గుమ్మం దగ్గర నిలబడి నా మొహంలోకే చూస్తున్నాడు, తన పేరు చెబుతాననే అనుకుంటున్నాడు. జరిగిందంతా చెబుతాను, కానీ మొదట చెప్పేది నా పేరే.

ఉద్యోగం ఊడితే తిన్నగా ఇంటికే వస్తాను. తలుపు తీస్తావు కదూ?

నీవాడు