నీ కుర్చీ మీద నా కన్ను

గోదావరిఖని,
ఆదివారం.

చెల్లెలు సునీతకు మీ అక్క దీవించి రాస్తున్నది. ఇక్కడ నేనూ మీ బావా బాగానే ఉన్నాం, మా గురించి దిగులు పడొద్దు. అమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయి? నాన్న మందులు వేళకు వేసుకుంటున్నాడా? అందరూ బాగుంటారనే అనుకుంటున్నాను.

ఫోనుండగా ఈ ఉత్తరమేమిటని నవ్వకు. నువ్వు హెడ్మిస్ట్రెస్ అయ్యావని ఫోన్ చేసిన రోజు "చాలా సంతోషమే" అన్నాను కదా, అది అబద్ధం. ఒళ్లు మండిపోయింది. ఈ మాట ఫోన్లో అంటే నువ్వు ఏడుస్తావు, నేను మాట మార్చేస్తాను. అందుకే రాస్తున్నాను.

నువ్వు పంపిన ఫొటోలో ముందు నీ ముఖం చూడలేదే. పెద్దది చేసి గోడ మీది బోర్డులో నీ పేరు చదివాను. కుర్చీ మీద వేసిన తెల్ల తువ్వాలు చూశాను. ఆ తర్వాత చీర చూశాను. ఆ నీలం చీర నాది! ఇక్కడికి వచ్చేటప్పుడు నీకు వదిలేసి వచ్చిందే. బి.ఎడ్. చెయ్యనని నువ్వు మొండికేస్తే చెయ్యి పట్టుకుని కాలేజీకి తీసుకెళ్లిందీ నేనే. ఆరేళ్లు చిన్నదానివి, నాకంటే ముందు కుర్చీ ఎక్కి కూర్చున్నావు. మూడు రోజులు అన్నం సయించలేదు. మీ బావ గనిలో డ్యూటీ దిగి వచ్చి, "చెల్లె పెద్ద మేడమయితే మిఠాయిలు పంచాలె గని, గిట్ల మూతి ముడుసుకుంటవేంది?" అన్నాడు. కసురుకున్నాను. పాపం, మళ్లీ ఆ ఊసెత్తలేదు.

ఇక్కడికొచ్చి ఏడాదైంది. ఊరు అలవాటైంది గానీ ఎండా, బొగ్గు దుమ్మూ అలవాటు కాలేదు. బట్టలు బయట ఆరేస్తే మళ్లీ ఉతకాల్సిందే. అమ్మ చేతి జొన్నరొట్టె గుర్తొస్తుంటుంది. బడిలో నా దగ్గర తొమ్మిదిమంది పిల్లలు. ఒకరికి మాట సరిగా రాదు, ఒకరు కుదురుగా కూర్చోలేరు. మెట్ల కింద గది ఇచ్చారు మాకు. చేరిన మొదటి వారం గనిలో బ్లాస్టింగ్ జరిగి కిటికీలు గడగడలాడితే నేను బల్ల కిందికి దూరాను. లావణ్య అనే పిల్ల వంగి చూసి, "బ్లాస్టింగే మేడం, ఫికర్ చెయ్యకు" అంది. అంతవరకు ఆ పిల్ల నాతో ఒక్క మాట మాట్లాడలేదు.

పోయిన నెల మా హెడ్మాస్టరు మానేశాడు. పదకొండేళ్లు పిల్లలతో వేగినదాన్ని, నాకేం తక్కువని ధైర్యం చేసి బడి నడిపే కరస్పాండెంట్ సారును అడిగాను. "మీరు ఆఫీసుల కూసుంటే గా పిల్లలను ఎవరు చూస్తరు మేడం? మీకున్న ఓపిక ఎవ్వరికి లేదు" అన్నాడు. చూశావా, పొగిడి పక్కన కూర్చోబెట్టాడు. నాకు ఓపికెక్కడిదే? తోడబుట్టినది బాగుపడితే ఓర్వలేనిదాన్ని! గదికొచ్చి గోడ వైపు తిరిగి కూర్చున్నాను. లావణ్య వచ్చి నా చెవులు రెండూ తన చేతులతో మూసి, "బ్లాస్టింగే మేడం" అంది. అప్పుడు బ్లాస్టింగేమీ జరగలేదు. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

మంచిర్యాలలో ఒక బడికి హెడ్మిస్ట్రెస్ కావాలట. నెలాఖరున ఇంటర్వ్యూ. ఇలాంటి పిల్లలకు చెప్పే టీచరైనా పర్వాలేదా అని ముందే అడిగాను, రమ్మన్నారు. లావణ్యను వదిలి వెళ్లాలంటే మనసు పీకుతుంది. కానీ ఆ కుర్చీ దొరికితే, అక్కడ ఇలాంటి పిల్లల గది మెట్ల కింద ఉండనివ్వను. నిన్ను ఏమేం అడిగారో అన్నీ రాసి పంపు, దాచుకోకు. టైంటేబుల్ ఎలా వేస్తున్నావో కూడా రాయి. ఆ నీలం చీర కొరియర్లో వెయ్యి, అదే కట్టుకుని వెళ్తాను.

అమ్మకూ నాన్నకూ నా నమస్కారాలు చెప్పు. ఇంటర్వ్యూ రోజు వాళ్లను నన్ను తలుచుకొని దీవించమను.

ఇంకో మాట. అమ్మ నీకు దిష్టి తీసిందా? తీసినా మళ్లీ తీయించుకో. మిరపకాయలు నిప్పులో వేసినా ఘాటు రాకపోతే, ఆ దిష్టి నాదే. ఉప్పు తిప్పేటప్పుడు అమ్మ ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి అంటుంది కదా, ఈసారి అక్క దిష్టి అని కూడా అనమను. గట్టిగా అనమను.

ఇట్లు,
నీ మేలు కోరాలని ప్రయత్నిస్తున్న
అక్క సరోజ