బావిలో నేర్చిన ఈత

విశాఖపట్నం,
15 నవంబర్ 1993

బాపూ,

నిన్న పొద్దున పదకొండుంబావుకు పందెం పూర్తిచేశాను. ఈత, సైకిలు, పరుగు, మూడూ. నా వెనక ఇద్దరే ఉన్నారు. పూర్తిచేస్తే ఇక పందేలకు అడ్డు చెప్పనన్నావు గానీ, ఎన్నో స్థానంలో రావాలో నువ్వు చెప్పలేదు.

మన బావిలో గుండ్రంగా ఈదిన అలవాటుకు సముద్రంలోనూ ఎడమకే తిరిగిపోయాను. పడవాయన అరిచాడు: "బాబూ, ఒడ్డు ఇటుంది! ఎక్కడికెళ్తున్నావ్?"

"జర ఆగన్నా, మా బాయిల గిట్లనే ఈదుతం!"

ఈరోజు తొడలు పట్టేశాయి. లాడ్జి మెట్లు వెనక్కి తిరిగి దిగుతున్నాను. తోడొచ్చిన రాయమల్లు మంచం దగ్గరికే చాయ్ తెచ్చిస్తూ, "పందానికొచ్చినవార, అత్తగారింటికొచ్చినవార?" అంటున్నాడు. అవ్వను ఫికర్ చేయొద్దను.

శనివారం పొద్దున జమ్మికుంటలో రైలు దిగుతాం. వచ్చే పందెం ఫిబ్రవరి ఆరున, మద్రాసులో. పేరు రాయించాను.

నీ కొడుకు