నాలుగో పాటలో ఖాళీ

హెబ్బగోడి,
ఆదివారం, డ్యూటీ దిగాక

అక్కకు నమస్కారాలు.

నేను ఇక్కడ ఆరోగ్యంగా ఉన్నాను. నువ్వు, బావ, పాప కులాసాగా ఉన్నారని తలుస్తాను. మీ అత్తగారి మోకాళ్ల నొప్పి తగ్గిందో లేదో తప్పకుండా రాయి. ఫ్యాక్టరీలో నన్ను పర్మనెంటు చేశారు. వానలు పడుతున్నాయి గానీ గది కారడం లేదు. మెస్సులో సాంబారు ఇంకా తియ్యగానే ఉంది, దానికీ అలవాటు పడ్డాను. నా గురించి దిగులు పెట్టుకోకు.

బాగున్నానని రాశాను గానీ, నీ దగ్గర దాపరికం ఎందుకు, కడుపు మండిపోతోంది. నేను డ్రమ్స్ వాయించిన రాక్ బ్యాండు గుర్తుంది కదా, నాగరాజు పాడేది. వాళ్ల మొదటి క్యాసెట్ వచ్చింది. నేను లేకుండానే వచ్చింది. ఆదివారాలు డ్యూటీ పడుతోందని నేనే మానేశాను, పొమ్మని ఎవరూ అనలేదు. తిట్టుకోవడానికి కూడా మనిషి లేడు.

పోయిన వారం నాగరాజు క్యాసెట్ తెచ్చిచ్చాడు. దేవుడా, ఇది బాగుండకూడదు అనుకుంటూ వేశాను. బాగుందక్కా. స్టూడియో కూడా కాదు. చిక్కపేటలో నాగరాజు వాళ్ల మామ బట్టల గోడౌన్‌లో, బజారుకు సెలవు రోజున, బేళ్ల మధ్య నిలబడి అందరూ ఒకేసారి వాయించి రికార్డు చేశారు. దిద్దుబాట్లు లేవు. ఒకచోట నాగరాజు గొంతు చీలిపోతే అలాగే ఉంచారు. రెండో పాట మొదట్లో బయట తోపుడుబండి పోయిన చప్పుడు కూడా ఉంది. నువ్వు వింటే మిక్సీ పాడైందా అంటావు. నేను మాత్రం రోజూ వింటున్నాను.

నా చోట వాయించినవాడు జోసెఫ్, గుంటూరు అతను. నాలుగో పాట మంచి ఊపులో ఉండగా డ్రమ్స్ ఉన్నట్టుండి ఆగిపోతాయి. గిటారు ఒక్కటే నడుస్తుంది, మనం ఊపిరి బిగబట్టి వింటుంటే డ్రమ్స్ మళ్లీ విరుచుకుపడతాయి. ఆ ఖాళీ విన్నప్పుడు నిజంగా ఏడుపొచ్చింది. ఇంత మంచి ఆలోచన నాకెందుకు రాలేదు?

నిన్న నాగరాజు వచ్చి, "ఎట్లుండాదప్పా?" అని అడిగాడు.

"అంతా బాగుంది, డ్రమ్సే తేలిపోయినాయి" అన్నాను.

వాడి ముఖం వాడిపోయింది. వచ్చే వారం కాలేజీలో ప్రోగ్రాం ఉందని, ఈలోగా వేరే మనిషిని చూస్తానని చెప్పి వెళ్లిపోయాడు. నా అసూయ వల్ల ఒకడి చోటు పోతోందని తెలిసి కూడా వాణ్ని పోనిచ్చాను. అన్నం సయించలేదు.

ఇవాళ డ్యూటీ దిగగానే ఫోన్ బూత్‌కు పోయి, కుళ్లుతో అబద్ధం చెప్పానని వాడితో ఒప్పుకున్నాను. డ్రమ్సే అన్నిటికంటే బాగున్నాయని, వేరే మనిషిని చూడొద్దని అన్నాను. నాగరాజు తిడతాడనుకుంటే నవ్వాడు.

"నువ్వు వాయించిందే కదప్పా. మన ప్రాక్టీసు క్యాసెట్ పెట్టుకొని నేర్చుకున్నాడు. నాలుగో పాటలో నువ్వు ఆపినచోటే ఆపినాడు, ఒక్క దెబ్బ మార్చలే."

అప్పుడు గుర్తొచ్చింది. ఆ ప్రాక్టీసు రికార్డు చేసిన రోజు చెమటకు చేతిలో కర్ర జారి పడింది. ఇంకో కర్ర అందుకునేలోపు పాట సాగిపోయింది. పరువు పోతుందని, కావాలనే ఆపానని వాళ్లతో అన్నాను. ఇన్ని రోజులు నేను కుళ్లుకున్నది నా పొరపాటును చూసే అక్కా. ఇప్పుడు దానికి కూడా చప్పట్లు జోసెఫ్‌కే.

నీకు ఒక పని. వాళ్ల దగ్గరుంది కాపీ, ఆ ప్రాక్టీసు అసలు క్యాసెట్ నీ బీరువాలో ఉంది. దాని మీద పాప మాటలు రికార్డు చేయకు, అంచున ఉన్న రెండు చిన్న ప్లాస్టిక్ ముక్కలు విరిచేసి పెట్టు, అప్పుడు ఇంకేదీ రికార్డు కాదు. జాగ్రత్తగా వింటే కర్ర కిందపడ్డ చప్పుడు వినిపిస్తుంది.

నాన్నకు, పెద్దమ్మకు నా దండాలు చెప్పు. పాపకు ముద్దులు. మీ ఆశీస్సులు ఉంటే నాకేం కాదు.

ప్రోగ్రాంకు పోతాను. జోసెఫ్‌ను మెచ్చుకుంటాను. కర్ర సంగతి మాత్రం చెప్పను. చెబితే ఆ ఖాళీ పూడ్చేస్తాడు. ఆ బ్యాండులో నాదంటూ మిగిలింది అదొక్కటే.

ఇట్లు, నీ తమ్ముడు
రమణ