సైదులు డెంగీ

బుధవారం, రాత్రి

ఈ రోజు నేను పనిచేసే ల్యాబ్‌లో మా అల్మాస్‌గూడ వీధివాళ్ల రక్త నమూనాల్లోని డెంగీ వైరస్ జన్యుక్రమం చేతికొచ్చింది. పక్క పోర్షన్‌లో ఉండే లారీ డ్రైవర్ సైదులు విజయవాడ ట్రిప్పు నుంచి జ్వరంతో తిరిగొచ్చాడు. ఆ తర్వాతే వీధిలో మరికొందరికి డెంగీ సోకింది. అతనే తెచ్చాడని అందరూ తేల్చేశారు. ఇంటి ఓనరు మల్లయ్యగారు వాళ్లని ఇల్లు ఖాళీ చేయమన్నారు.

తీరా చూస్తే సైదులు ఒంట్లోని వైరస్ వేరు. మిగతావాళ్లందరిదీ దాదాపు ఒకేలా ఉంది. అది పోయిన వానాకాలం నుంచీ ఈ చుట్టుపక్కలే తిరుగుతున్న రకం.

సైదులు భార్య యాదమ్మకు ముందు చెప్పాను. "గీ ముచ్చట ఓనర్‌కు మీరే చెప్పుండ్రి మేడం. మేం చెప్తె నమ్మడు" అంది. ఇద్దరం కలిసి పై అంతస్తులో ఉండే ఆయన దగ్గరికి వెళ్లాం.

మల్లయ్యగారు అంతా విన్నారు. "అంటే గీ రోగం మన గల్లీలదేనా?" అన్నారు. అవునన్నాను.

"సరే, ఉండుండ్రి తియ్. యాడికి పోతరు" అన్నారు యాదమ్మతో. ఆమె మెట్లు దిగుతూ కళ్లు తుడుచుకుంది.

అన్నం తిన్నాక కూడా నాకు ఒకటే ఆలోచన. సైదులు నుంచే పాకిందని తేలి ఉంటే మల్లయ్యగారికి ఏం చెప్పేదాన్ని? దోమ కుట్టిన మనిషిది తప్పెలా అవుతుంది? ఈ మాట అనడానికి జన్యుక్రమం ఏమీ అక్కర్లేదు కదా. రేపు ఆయన కనిపిస్తే అది కూడా చెప్పాలి. ఎలా మొదలుపెట్టాలో...