తమ్ముడి చేతిలో చేంతాడు

ఓర్వకల్లు, 12 నవంబరు 1955, శనివారం రాత్రి

తమ్ముడు యోసేపును ఈరోజు కర్నూలులో డాక్టరుకు చూపించాము. మందు మానలేదు, తీపి ముట్టలేదు, అయినా చక్కెర పెరిగిందట. డాక్టరు వాడి పిక్క పట్టి చూశాడు.

"కండంతా యాడికి పోయిందప్పా? తిన్న కూటిలోని చక్కెరను ఎక్కువగా వాడుకునేది కండే. పని చేయకుంటే అది రక్తంలోనే నిలుస్తాది. నిన్ను కూర్చోబెట్టిందెవరు?"

"మా అక్క సార్. పెండ్లికొడుకు మాదిరి చూసుకుంటాంది," అని నవ్వాడు తమ్ముడు.

తల దించుకున్నాను. పక్కనే మరదలు మార్తమ్మ ఉంది. పోయిన ఆదివారం తమ్ముడు నీళ్లు తోడుతుంటే, బావి దగ్గర అందరి ముందర ఆమెను అన్నాను: "రోగిష్టి మొగునితో తోడిస్తాండావే, నీ చేతులు పడిపోయినాయా?" ఆమె వాడి చేతిలోంచి చేంతాడు అందుకుంది.

ఈ సాయంత్రం వాడు మళ్లీ చేంతాడు పట్టాడు. నా చేయి అలవాటుగా ముందుకు పోయింది. "తోడనీలే వదినా," అంది మార్తమ్మ మెల్లగా. ఆ మెత్తదనమే గుచ్చుకుంది.

మోకరించి దేవునికి అంతా చెప్పుకున్నాను. ఆయన ముందర నోరు బాగానే పెగిలింది. వంటింట్లో మార్తమ్మ ఇంకా గిన్నెలు సర్దుతోంది. లేచి వెళ్లాలి. ఇంకా రాస్తూనే ఉన్నాను.