కుంటిదెబ్బ

పుంగనూరు,
14-8-1982.

చిరంజీవి ముద్దుకృష్ణకు నీ తల్లి గోవిందమ్మ దీవించి రాయించునది. ఇక్కడ నేను క్షేమం, నా రోలు క్షేమం, నా కోపం మరీ క్షేమం. బెంగుళూరులో నీవు, నీ డ్రమ్ములు బాగుండాలని కోరుకుంటున్నాను. కన్నదాన్ని కాబట్టి కోరుకోక తప్పదు.

ఈ ఉత్తరం రాస్తున్నది పక్కింటి బాలవాడి టీచరు ఆదిలక్ష్మి. నేను "ఉండాది" అంటే ఆమె "ఉంది" అని రాస్తుంది. "యాలమ్మే, నా మాట నీ కలానికి ఎక్కదా?" అని అడిగాను. "ఉత్తరమంటే ఇట్లే రాయాల పెద్దమ్మా, పదిమంది సదివేది" అంది. పదిమందీ చదవనీ. నాకు కావలసిందీ అదే.

నీ ఉత్తరంలో మూడు సంగతులు అడిగావు. మోకాలి నొప్పి ఎలా ఉందన్నావు. వానకు ముందు నొస్తుంది, వాన పడ్డాక నొస్తుంది. ఈ ఏడు వాన పడలేదు కాబట్టి సగమే నొస్తోంది. కారం దంచడం మానేశావా అన్నావు. మానలేదు. ఊళ్ళో మిల్లు వచ్చాక అందరూ అక్కడికే పోతున్నారు; ఆ పొడిలో రంగు ఉంటుంది, కారం ఎక్కడుందో వెతుక్కోవాలి. నాలుక ఉన్న నాలుగిళ్ళవాళ్ళు ఇంకా నా రోటి దగ్గరికే వస్తారు. ఇక మూడోది, ప్లేటు సంగతిలో నా కోపం తగ్గిందా అని. దానికి జవాబు పొడుగ్గా ఉంటుంది. కూర్చుని చదువు.

ఉగాదికి నువ్వు రాసిన కార్డు నా దగ్గరే ఉంది. "అమ్మా, మా నలుగురి బ్యాండు ప్లేటు వస్తోంది. రెండో పక్క చివర నాన్న డోలు వరస కుంటిదెబ్బ ఉంటుంది. ఏడు నిమిషాలు నేనొక్కడినే, పాట లేదు, గిటారు లేదు" అని రాశావు. ఆ కార్డు ఆదిలక్ష్మి చేత ఎన్నిసార్లు చదివించుకున్నానో ఆమెనే అడుగు. ఊరంతా చెప్పాను. నీరు తోడుకునే దగ్గర చెప్పాను, మిల్లు దగ్గర నిలబడి మరీ చెప్పాను.

ప్లేటు వచ్చింది. వినడానికి గ్రామఫోను మిషను ఎక్కడుంది? మీ నాన్న డోలుకు పక్కన ముప్పై ఏళ్ళు నాదస్వరం ఊదిన రంగప్ప మదనపల్లెలో ఉన్నాడు కదా, బస్సెక్కి ఆయన దగ్గరికి పోయాను. ఇద్దరం అక్కడి రేడియో షాపుకు పోయాం. బెంచీ మీద కూర్చోబెట్టి షాపాయన ప్లేటు వేశాడు. అట్ట మీద నీ పేరు చదవమంటే "మడ్డీ" అని చదివాడు. అంటే ఏమిటప్పా అన్నాను. "బురద అవ్వా" అన్నాడు. పోనీలే, పెట్టిన పేరు బరువైందేమో అనుకున్నాను.

మొదటి పక్క అయింది. ఒక అబ్బాయి ఎవరో పన్ను పీకుతున్నట్లు అరిచాడు. రంగప్ప మాత్రం కళ్ళు మూసుకుని తొడ మీద తాళం వేస్తూనే ఉన్నాడు. రెండో పక్కా అయింది. ముల్లు కర్రు కర్రుమని తిరుగుతోంది.

"తిప్పి ఎయ్యప్పా, అసలుది రాలా" అన్నాడు రంగప్ప.

"రెండు పక్కలూ అయిపాయె తాతా."

"మూడో పక్క సూడు నాయనా, ఉంటాది."

షాపాయన నవ్వలేదు. అదే నాకు ఎక్కువ సిగ్గనిపించింది. పోయిన ఉత్తరంలో ఇవన్నీ రాయించలేకపోయాను; "కుంటిదెబ్బ ఏమైంది?" అని ఒక్క ముక్కే రాయించాను.

దానికి నువ్వు రెండు పేజీలు రాశావు. "స్టేజీ మీద డ్రమ్ము ఒంటిగా వాయిస్తే జనం చేతులు చూస్తారు, చెమట చూస్తారు, ఈలలు వేస్తారు. ప్లేటులో ఏం కనబడుతుందమ్మా? ఇంట్లో వినేవాడు రెండు నిమిషాలకే ముల్లెత్తి అవతల పెడతాడు. స్టూడియోలో చేసే ప్లేటుకు పాట కావాలి, గారడీ పనికిరాదు. అందుకే నలుగురం కలిసి తీసేశాం" అన్నావు.

నేను మూర్ఖురాలిని కాను. నీ మాటలో నిజమెంతో అంత ఒప్పుకుంటాను. ఒకసారి రామసముద్రం పెళ్ళిలో మీ నాన్నకు చేతులు దురద పుట్టి, నాదస్వరాన్ని ఆపించి ముప్పావు గంట ఒక్కడే వాయించాడు. పెళ్ళివాళ్ళంతా పంక్తికి లేచిపోయారు. పందిరి గుంజలకు, ఒక కుక్కకు వినిపించి వచ్చాడు. "నీ చేతులు బాగుండాయని ఆ కుక్క చెప్పిందా?" అని వారం రోజులు దెప్పాను. చేతులు చూపించుకోవడానికి వాయించేది పందిట్లోనే నిలవదు, ప్లేటులో ఎలా నిలుస్తుంది? అంతవరకు నీదే గెలుపు.

కానీ మాటలో మాట, ముద్దూ. చెప్పవలసింది ఏదైనా ఉండి వాయించేవాడి చేతులు చూడనక్కర్లేదు. గోడ అవతల పిల్ల నవ్విందో ఏడ్చిందో చూసే తెలుసుకుంటామా? పాట వెనక నడిచి నడిచి డోలుకు ఒకసారి నోరు తెరవాలనిపిస్తుంది. మేళంలో దానికి చోటు వదులుతారు. ఆ కాసేపు రంగప్ప కూడా నాదస్వరం ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు. ఇంటికి పోయే ప్లేటులో ఆ చోటు ఎందుకు ఉండకూడదు? ఇంట్లో వినేవాడు వినడంటావు. కుంటిదెబ్బ పుట్టింది ఎక్కడో నీకు తెలిస్తే ఆ మాట అనవు. అది తర్వాత చెబుతాను.

అప్పటికింకా నీ మీద కోపం లేదు. మిగతా ముగ్గురూ నీ నోరు నొక్కి కోయించారు, పరువు కోసం నువ్వు "నలుగురం" అని రాశావు అనుకున్నాను. ఆ ముగ్గురినీ ఒక నెల తిట్టాను. కారం దంచేటప్పుడు దెబ్బకొకరిని తిట్టాను.

పోయిన గురువారం కుప్పంలో మీ గిటారు వెంకటేశులు చెల్లెలి పెళ్ళి. నువ్వు రాలేదు, రికార్డింగు పనుందన్నావంట. నేను పోయాను. పంక్తిలో వడ్డిస్తూ అతను నా ముందుకు వచ్చాడు.

"ఏమప్పా వెంకటేశులూ, నా కొడుకు చేతులు నరికినోళ్ళలో నువ్వు ముందుండావా, ఎనకుండావా?" అన్నాను.

గరిటె అలాగే పట్టుకుని నిలబడ్డాడు. "నేను నరికేదేందమ్మా? ఉంచుదామని ముగ్గురం కాళ్ళు పట్టుకున్నంత పని చేస్తిమి. నీ కొడుకే మిషను కాడుండే ఆయప్పకు చెప్పి తీయించినాడు."

"యాల?" ఎందుకు తీయించాడని అడిగాను.

"వద్దులేమ్మా, అన్నం తిను."

"యాల అంటాండా!"

అతను నా ఆకు వైపు చూస్తూ చెప్పాడు. "ఎనిమిదో దెబ్బ కాడ ఖాళీ ఉండాది గదమ్మా. ప్లేటులో ఇంటే తాళం తప్పినాడనుకుంటారంట. కుంటోడు నడిచినట్లుండాది, పల్లెటూరోడి వాయింపని నవ్వుతారంట. ఆ ఖాళీలో ఇంకో దెబ్బేసి సాపు చేద్దామని సూసినాడు, కుదర్లా. కుదరకపోయేసరికి మొత్తం తీసేయమన్నాడు."

పాయసం ఇంకా రాలేదు. నేను లేచాను. పెళ్ళిలో ఆకు మన వైపుకు మడవాలి కదా, ఏ వైపుకు మడిచానో నాకే తెలియదు. ఆ పెళ్ళివాళ్ళకు నా తరఫున నువ్వే క్షమాపణ చెప్పుకో.

స్టేజీ, ఇల్లు, ముల్లు, గారడీ అని రెండు పేజీలు రాశావే, ఒక్క లైనులో నిజం రాయలేకపోయావా? "అమ్మా, నాకు సిగ్గేసింది" అని రాసి ఉంటే నిన్ను తిట్టి, అన్నం తిని, పడుకునేదాన్ని.

కుప్పం నాకు అచ్చిరాదు. ఇప్పుడు చెప్పేది ముప్పై ఏళ్ళుగా ఎవరికీ చెప్పలేదు. ఆదిలక్ష్మి కలం ఆపి నా ముఖం చూస్తోంది. రాయవే తల్లీ, రాయి.

కుంటిదెబ్బ మీ నాన్నది కాదు. నాది.

నీకు నాలుగో నెల. దూలానికి చీరతో ఉయ్యాల కట్టి, దాని తాడు నా కాలి బొటనవేలికి కట్టుకుని కొర్రలు దంచేదాన్ని. నిన్ను కింద పెడితే ఏడుపు, ఉయ్యాల ఆగితే ఏడుపు. ఏడు పోట్లు వేసేసరికి ఉయ్యాల నెమ్మదించేది. ఎనిమిదో పోటు దగ్గర నువ్వు గొంతెత్తేవాడివి. కాలు తాడు లాగాలి; కాలు లేస్తే చెయ్యి ఆగాలి, లేదంటే రోకలి రోటి అంచుకు తగులుతుంది. ఏడు పోట్లు, ఒక ఊపు. మళ్ళీ ఏడు, మళ్ళీ ఊపు. రోజూ అదే వరస. మీ నాన్న అరుగు మీద డోలు వార్లు బిగించుకుంటూ మూడు రోజులు విన్నాడు. నాలుగో రోజు లోపలికి వచ్చి "ఇంకోసారి దంచు మే" అన్నాడు. కొర్రలు అయిపోయాయంటే, ఉత్తి రోలే దంచమన్నాడు. దంచాను. చంకన డోలు పెట్టుకుని నా పక్కనే కూర్చుని వాయించాడు. కాపురానికి వచ్చాక అంత సంతోషపడిన రోజు నాకు ఇంకొకటి లేదు.

ఆ ఏడే కుప్పంలో ఒక పెద్ద పెళ్ళి. ఊరేగింపు నాలుగు వీధుల కూడలిలో ఆగినప్పుడు మొదటిసారి వాయించాడు. జనం ఊపిరి పట్టారు. పెళ్ళిపెద్ద శాలువా కప్పి, "ఎవరి కాడ నేర్చుకుంటివి కుప్పుస్వామీ?" అన్నాడు. నిన్ను చంకనేసుకుని ఆడవాళ్ళలో నిలబడి ఉన్నాను. మీ నాన్న నా వైపు చూశాడు. చూస్తూనే, "గురువు లేడు సామీ, నాకే తట్టింది" అన్నాడు.

ఇంటికి వచ్చి ఆ శాలువా నా భుజాన వేశాడు. మర్నాడు చీర విప్పేసి ఆ శాలువాతోనే నీకు ఉయ్యాల కట్టాను.

ఆయన పోయి ఆరేళ్ళయింది. ఆయన నా పేరు తీసేశాడు, కానీ దెబ్బను పాతికేళ్ళు బతికించాడు. ఖాళీని ఖాళీగానే ఉంచాడు. నీకు నేర్పేటప్పుడు కూడా "ఆడ చెయ్యి పెట్టొద్దురా, పెడితే చస్తాది" అని వేళ్ళ మీద కొట్టాడు కదా. నువ్వు దాన్ని సాపు చేయబోయావు. సాపు కాకపోతే చంపావు. ఇద్దరిలో ఎవరు ఎక్కువ ద్రోహం చేశారని రెండు రోజులుగా లెక్క వేస్తున్నాను. నీ వైపే బరువు తూగుతోంది.

కోసిన ఆ టేపు స్టూడియోలో ఎక్కడైనా పడి ఉంటే తెచ్చుకో. ప్లేటులో వేయమని అడగను, అది మీ నలుగురి వ్యవహారం. ఇంట్లో ఒక్కడివే కూర్చుని విను. రెండు నిమిషాలకే ఆపాలనిపిస్తే ఆపు. టేపు దొరక్కపోతే ఇది పెట్టుకో. రంగప్ప ఊపిరి తగ్గుతోంది, నా చేతులూ తగ్గుతున్నాయి, అందుకని ఆ దెబ్బను కాగితం మీద పెట్టిస్తున్నాను. ఖాళీ దగ్గర చుక్కలు పెడతానంది ఆదిలక్ష్మి. "ఏమీ రాయొద్దు, చోటిడిసిపెట్టు" అన్నాను.

తకిట తకధిమి        తకిట తకధిమి

తకిట తకధిమి        తకిట తకధిమి

ఆ చోట ఎవరికీ తాళం తప్పలేదు నాయనా. అక్కడ నువ్వు ఏడ్చావు. నేను రోకలి ఆపాను.

ఇట్లు,
ఉయ్యాల తాడు ఇంకా బొటనవేలికే ఉన్న
మీ అమ్మ,
గోవిందమ్మ వేలిముద్ర.