మునిరత్నం ఇత్తడి బిళ్ల

రేయ్ మునిరత్నం,

నువ్వు పోయి నిన్నటికి ఏడాది. నిన్ననే మన పలమనేరు ముసలోళ్లమంతా వ్యానెక్కి నువ్వు పనిచేసిన కోలారు బంగారు గని చూసొచ్చినాం. దారిలో తిన్న ఇడ్లీల సంగతి మొదలుపెడితే కాగితం చాలదు, వదిలేస్తా.

గనిలోకి దిగేటప్పుడు తీసుకున్న ఇత్తడి బిళ్లను పైకొచ్చి మళ్లీ దాని మేకుకు తగిలించకపోతే, మనిషింకా లోపలున్నట్టే అనేవాడివి. గని మూసేసిన రోజు నువ్వే మరిచిపోయి దాన్ని జేబులో ఇంటికి తెచ్చినావు. చివరిదాకా అదే దిగులు.

నీ భార్య దాన్ని నా చేతికిచ్చి, "అన్నా, ఆడనే తగిలించిరా" అనింది.

గేటుకు తాళం. కాపలావాడికి కథంతా చెప్పినాను.

"ఇన్నేండ్లకా తెచ్చేది, పెద్దాయనా?" అని నవ్వి, గేటుకున్న మేకు చూపించినాడు.

తగిలించినాను. ఇంక నువ్వు పైకొచ్చేసినావప్పా. ఒళ్లు కడుక్కొని భోంచెయ్.